ధన, ఋణ ఘాతాంకాలు గల పదాల గుణకారం

ధన, ఋణ ఘాతాంకాలు గల పదాల గుణకారం బీజగణితంలోని ప్రాథమిక ప్రక్రియలలో ఒకటి. ఒకే భూమి గల రెండు ఘాతాలను గుణించినప్పుడు భూమిని అలాగే ఉంచి ఘాతాంకాలను కూడాలి అన్నది దీని మూలసూత్రం. ఘాతాంకాలు రెండూ ధన సంఖ్యలైనా, రెండూ ఋణ సంఖ్యలైనా, ఒకటి ధనం, మరొకటి ఋణం అయినా, వాటిలో ఒకటి సున్న అయినా సూత్రం ఒక్కటే. ఉదాహరణకు 2⁵ × 2⁻³ = 2². పాఠశాలల్లో సాధారణంగా ధన ఘాతాంకాలను 7వ తరగతిలోను, ఋణ ఘాతాంకాలను 8వ తరగతిలోను పరిచయం చేస్తారు.

సూత్రం చిన్నదే అయినా విద్యార్థులు ఎక్కువగా తడబడే అంశాలలో ఇది ఒకటి. 2ని మూడుసార్లు వేసి గుణించడం అంటే ఏమిటో ఎవరికైనా తెలుస్తుంది. "మైనస్ మూడుసార్లు" వేసి గుణించడం అన్న మాటకు మాత్రం అర్థం కనిపించదు. ఈ చిక్కును విప్పకుండా సూత్రాన్ని మాత్రమే కంఠస్థం చేయించినప్పుడు 2⁻³ విలువ −8 అనో, −6 అనో రాసే అలవాటు ఏర్పడుతుంది. భౌతిక, రసాయన శాస్త్రాలలోని లెక్కలన్నీ పది యొక్క ఘాతాలతో నడుస్తాయి కాబట్టి ఈ పొరపాటు గణితం తరగతితో ఆగిపోదు.

పదజాలం, గుర్తులు

2³ అనే రాతలో 2ని భూమి లేదా ఆధారం అని, పైన చిన్నదిగా రాసిన 3ని ఘాతాంకం అని, మొత్తం 2³ను 2 యొక్క మూడవ ఘాతం అని అంటారు. రెండవ ఘాతాన్ని వర్గం అని, మూడవ ఘాతాన్ని ఘనం అని పిలుస్తారు. 5అ² వంటి పదంలో 5 గుణకం, అ భూమి, 2 ఘాతాంకం. ఈ వ్యాసంలో అ, బ అనే అక్షరాలు సున్న కాని ఏవైనా సంఖ్యలను, మ, న అనే అక్షరాలు పూర్ణసంఖ్యలను సూచిస్తాయి. ఘాతాంకం అక్షర రూపంలో ఉన్నప్పుడు దానిని ^ గుర్తు తరువాత రాయడం జరిగింది. అంటే అ^మ అనగా అ యొక్క మ-వ ఘాతం.

ఒక సంఖ్యను దేనితో గుణిస్తే లబ్ధం 1 వస్తుందో దానిని ఆ సంఖ్య యొక్క గుణకార విలోమం లేదా వ్యుత్క్రమం అంటారు. 8 యొక్క గుణకార విలోమం 1/8. సంఖ్యకు ముందు మైనస్ గుర్తు చేరిస్తే వచ్చేది సంకలన విలోమం. 8 యొక్క సంకలన విలోమం −8. ఋణ ఘాతాంకం విషయంలో జరిగే పొరపాట్లలో చాలావాటికి ఈ రెండు విలోమాలను కలగాపులగం చేయడమే కారణం.

ధన ఘాతాంకాల గుణకారం

ధన ఘాతాంకాల విషయంలో సూత్రం కేవలం లెక్కపెట్టడం నుంచి వస్తుంది. 2³ అంటే 2 × 2 × 2. 2⁴ అంటే 2 × 2 × 2 × 2. ఈ రెండింటిని గుణిస్తే మొదటి దానిలోని మూడు రెళ్ళు, రెండవ దానిలోని నాలుగు రెళ్ళు ఒకే వరుసలోకి వస్తాయి. మొత్తం ఏడు రెళ్ళు. కావున

2³ × 2⁴ = 2⁷

విలువలతో సరిచూస్తే 8 × 16 = 128. 2⁷ కూడా 128. ఇదే విధంగా మ, న ఏ ధన పూర్ణసంఖ్యలైనా

అ^మ × అ^న = అ^(మ + న)

ఇక్కడ కూడేది ఘాతాంకాలను మాత్రమే. భూములు కూడబడవు, గుణించబడవు. రెండు ఘాతాలకు భూమి ఒకటే కాకపోతే ఈ సూత్రం వర్తించదు. 2³ × 3⁴ను ఒకే భూమి మీద రాయలేము. దాని విలువ 8 × 81 = 648 అని మాత్రమే చెప్పగలం.

"2³ అంటే 2ని మూడుసార్లు గుణించడం" అని వాడుకలో అంటారు గాని, 2 × 2 × 2లో గుణకారం గుర్తులు రెండే ఉన్నాయి. ఈ తేడా చిన్నదిగా కనిపించినా ముందుముందు ఇబ్బంది పెడుతుంది. దీనికంటే, 1తో మొదలుపెట్టి దానిని 2తో మూడుసార్లు గుణించాలి అని చెప్పడం మేలు. అప్పుడు 2³ = 1 × 2 × 2 × 2 అవుతుంది, ఘాతాంకం గుణకారాల సంఖ్యతో సరిగ్గా సరిపోతుంది. సున్న, ఋణ ఘాతాంకాలకు దారి తీసేది ఈ 1.

సున్న ఘాతాంకం

1తో మొదలుపెట్టి దానిని 2తో ఒక్కసారి కూడా గుణించకపోతే మిగిలేది 1. కాబట్టి 2⁰ = 1 అని తీసుకోవడం సహజం. గుణకార సూత్రం కూడా ఇదే కోరుతుంది. సూత్రం సున్నకు కూడా వర్తించాలంటే 2³ × 2⁰ = 2^(3 + 0) = 2³ కావాలి. 8ని దేనితో గుణిస్తే మళ్ళీ 8 వస్తుంది? 1తో మాత్రమే. అందువలన సున్న కాని ఏ సంఖ్యకైనా

అ⁰ = 1

2⁰ విలువ సున్న అని అనుకోవడం సాధారణం. అది నిజమైతే 2³ × 2⁰ విలువ సున్న కావలసి వస్తుంది, సూత్రం ప్రకారం మాత్రం 8 రావాలి. రెండూ ఒకేసారి నిజం కాలేవు. కూడికలో సున్నకు ఉన్న స్థానమే గుణకారంలో 1కి ఉంది. ఘాతాంకాల కూడిక భూముల గుణకారంగా మారుతున్నప్పుడు, ఘాతాంకాల వైపు ఉన్న సున్న విలువల వైపు 1గా మారుతుంది.

ఋణ ఘాతాంకం

ఋణ ఘాతాంకం అర్థాన్ని రెండు మార్గాలలో వివరించవచ్చు.

మొదటిది వరుస క్రమం. 2 యొక్క ఘాతాలను పై నుంచి కిందికి రాస్తే:

2⁴ = 16
2³ = 8
2² = 4
2¹ = 2
2⁰ = 1
2⁻¹ = 1/2
2⁻² = 1/4
2⁻³ = 1/8

ఒక మెట్టు దిగినప్పుడల్లా ఘాతాంకం 1 తగ్గుతుంది, విలువ సగం అవుతుంది. 1 దగ్గర ఈ క్రమం ఆగిపోవడానికి కారణం ఏమీ లేదు. 1లో సగం 1/2, అందులో సగం 1/4. ఘాతాంకం సున్నను దాటి ఋణ సంఖ్యలలోకి వెళ్తుంది గాని విలువ సున్నను దాటదు. ఎన్నిసార్లు సగం చేసినా ధన సంఖ్యలో సగం ధన సంఖ్యే. ఒకటితో మొదలుపెట్టడం అన్న పద్ధతిలో చెప్పాలంటే, ధన ఘాతాంకం 1ని అన్నిసార్లు గుణించమంటుంది, ఋణ ఘాతాంకం 1ని అన్నిసార్లు భాగించమంటుంది. 2⁻³ = 1 ÷ 2 ÷ 2 ÷ 2.

రెండవది సూత్రం ఆధారంగా చెప్పేది. గుణకార సూత్రం ఋణ ఘాతాంకాలకు కూడా నిలవాలని కోరితే

2³ × 2⁻³ = 2^(3 − 3) = 2⁰ = 1

8తో గుణిస్తే 1 వచ్చే సంఖ్య 1/8 ఒక్కటే. కావున 2⁻³కు మరో విలువ ఇవ్వడానికి వీలు లేదు. సాధారణ రూపంలో

అ^(−న) = 1 ÷ అ^న

ఇది రుజువు చేసిన సిద్ధాంతం కాదు, నిర్వచనం. కాని ఇష్టం వచ్చినట్లు పెట్టుకున్న నిర్వచనమూ కాదు. ధన ఘాతాంకాలకు లెక్కపెట్టడం ద్వారా తెలిసిన సూత్రాన్ని చెడగొట్టకుండా ఋణ సంఖ్యలకు విస్తరించగలిగే మార్గం ఇదొక్కటే. ఇక్కడ సూత్రం నుంచి అర్థం పుడుతోంది. ఋణ సంఖ్యలు, భిన్నాలు, సంకీర్ణ సంఖ్యలు గణితంలో ప్రవేశించినప్పుడు కూడా పాత నియమాలను నిలుపుకోవాలన్న ఈ ఆలోచనే దారి చూపింది.

మొదటి మార్గం చిన్న తరగతుల వారికి సులభంగా అందుతుంది. అయితే ఒక క్రమం కొంత దూరం నడిచినంత మాత్రాన తరువాత కూడా అలాగే నడవాలన్న హామీ లేదు. ఎందుకు అలాగే నడవాలో రెండవ మార్గం చెబుతుంది. కాబట్టి మొదటి దానితో మొదలుపెట్టి రెండవ దానితో స్థిరపరచడం మంచి పద్ధతి.

ధన, ఋణ ఘాతాంకాలు కలిసినప్పుడు

నిర్వచనం ఏర్పడిన తరువాత, మిగిలిన సందర్భాలలో కూడా సూత్రం నిలుస్తుందా అని పరీక్షించవచ్చు.

ధన ఘాతాంకం పెద్దదైనప్పుడు: 2⁵ × 2⁻³ = 32 × 1/8 = 4 = 2². సూత్రం ప్రకారం 5 + (−3) = 2.

ఋణ ఘాతాంకం పరిమాణంలో పెద్దదైనప్పుడు: 2³ × 2⁻⁵ = 8 × 1/32 = 1/4 = 2⁻². సూత్రం ప్రకారం 3 + (−5) = −2.

రెండూ ఋణమైనప్పుడు: 2⁻³ × 2⁻² = 1/8 × 1/4 = 1/32 = 2⁻⁵. సూత్రం ప్రకారం (−3) + (−2) = −5.

ఇందులో జరుగుతున్నది భిన్నాలలో లవ హారాల మధ్య కొట్టివేతే. 2⁵ × 2⁻³ను భిన్నంగా రాస్తే లవంలో ఐదు రెళ్ళు, హారంలో మూడు రెళ్ళు ఉంటాయి. మూడు జతలు కొట్టివేయబడి లవంలో రెండు మిగులుతాయి. 2³ × 2⁻⁵లో మూడు జతలు పోగా హారంలో రెండు మిగులుతాయి. అప్పు, ఆస్తి ఉన్న మనిషి లెక్క చూసుకున్నట్లే ఇది. ఐదు రూపాయల ఆస్తిలో మూడు రూపాయల అప్పు తీరితే రెండు మిగులుతాయి. మూడు రూపాయల ఆస్తితో ఐదు రూపాయల అప్పు తీర్చబోతే ఇంకా రెండు రూపాయల అప్పు ఉంటుంది. ధనం, ఋణం అన్న పేర్లకు అసలు అర్థాలు కూడా ఇవే.

భూమి ఋణ సంఖ్య అయినా సూత్రం మారదు. (−2)³ × (−2)⁻⁵ = (−2)⁻² = 1/4. విలువలతో చూస్తే −8ని −1/32తో గుణించగా 8/32, అంటే 1/4 వస్తుంది. లబ్ధం గుర్తును నిర్ణయించేది భూమి గుర్తు, ఘాతాంకం సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్న విషయం. ఘాతాంకానికి ముందున్న మైనస్ గుర్తుకు ఇందులో ప్రమేయం లేదు.

గుణకాలు, పలు భూములు గల పదాలు

బీజగణితంలో సాధారణంగా ఎదురయ్యే పదాలలో గుణకం, ఒకటి కంటే ఎక్కువ చరరాశులు ఉంటాయి. వీటిని గుణించేటప్పుడు మూడు పనులు వేరువేరుగా చేయాలి.

1. గుణకాలను గుర్తులతో సహా గుణించాలి.
2. ఒకే భూమి గల ఘాతాలను ఒకచోట చేర్చి వాటి ఘాతాంకాలను కూడాలి.
3. ఋణ ఘాతాంకం మిగిలితే, అవసరాన్ని బట్టి ఆ ఘాతాన్ని హారంలోకి మార్చి ధన ఘాతాంకంతో రాయాలి.

ఉదాహరణ 1: 3అ²బ⁻³ను 4అ⁻⁵బ⁷తో గుణించాలి. గుణకాల లబ్ధం 12. అ ఘాతాంకాలు 2 + (−5) = −3. బ ఘాతాంకాలు (−3) + 7 = 4. లబ్ధం 12అ⁻³బ⁴. ధన ఘాతాంకాలతో రాస్తే 12బ⁴/అ³. అ, బ రెండింటికి 2 అనే విలువ ఇచ్చి సరిచూడవచ్చు. మొదటి పదం 3 × 4 × 1/8 = 3/2. రెండవ పదం 4 × 1/32 × 128 = 16. వాటి లబ్ధం 24. జవాబు విలువ 12 × 16/8 = 24.

ఉదాహరణ 2: −2అ⁻⁴ × 5అ⁴ = −10అ⁰ = −10. ఇక్కడ లబ్ధం ఋణ సంఖ్య కావడానికి కారణం గుణకం −2, ఘాతాంకం −4 కాదు.

ఉదాహరణ 3: 4³ × 2⁻⁵. భూములు వేరుగా కనిపిస్తున్నా 4 = 2² కాబట్టి 4³ = 2² × 2² × 2² = 2⁶. కావున లబ్ధం 2⁶ × 2⁻⁵ = 2¹ = 2.

ఉదాహరణ 4: 2⁻³ × 5⁻³. భూములు వేరు, ఘాతాంకం ఒకటే. ఇప్పుడు కూడవలసినది ఏమీ లేదు. భూములను గుణించి ఘాతాంకాన్ని అలాగే ఉంచాలి. లబ్ధం 10⁻³, అంటే 1/1000. ఒకే భూమి ఉన్నప్పుడు ఘాతాంకాల కూడిక, ఒకే ఘాతాంకం ఉన్నప్పుడు భూముల గుణకారం అనే ఈ రెండు సూత్రాలను పక్కపక్కన పెట్టి చూపితే తేడా స్పష్టమవుతుంది.

సాధారణంగా జరిగే పొరపాట్లు

2³ × 2⁴ = 4⁷ అని రాయడం. భూములను కూడా గుణించడం వలన ఇది జరుగుతుంది. ఘాతాలను విడదీసి రాస్తే ఏడు రెళ్ళు కనిపిస్తాయి గాని నాలుగు ఎక్కడా కనిపించదు.

2³ × 2⁴ = 2¹² అని రాయడం. ఘాతాంకాలను గుణించేది ఘాతానికి ఘాతం తీసుకున్నప్పుడు మాత్రమే. (2³)⁴ అంటే 2³ను నాలుగుసార్లు వేసి గుణించడం, అందులో రెళ్ళు పన్నెండు. 2³ × 2⁴లో రెళ్ళు ఏడే.

2³ + 2⁴ = 2⁷ అని రాయడం. సూత్రం గుణకారానికి సంబంధించినది. 8 + 16 = 24. ఇది 128 కాదు.

2⁻³ = −8 లేదా −6 అని రాయడం. మొదటిది మైనస్ గుర్తును ఘాతాంకం నుంచి భూమి ముందుకు జరపడం, రెండవది ఘాతాంకాన్ని భూమితో గుణించడం. జవాబు రాసే ముందు "ఇది 1 కంటే పెద్దదా, చిన్నదా?" అని అడిగే అలవాటు ఉంటే ఈ పొరపాటు బయటపడుతుంది. భూమి 1 కంటే పెద్దదైతే ఋణ ఘాతాంకం గల ఘాతం ఎప్పుడూ సున్నకు, 1కి మధ్య ఉంటుంది.

3అ⁻² = 1/(3అ²) అని రాయడం. ఘాతాంకం తనకు ఆనుకుని ఉన్న అ మీద మాత్రమే పనిచేస్తుంది. సరైన రూపం 3/అ². కుండలీకరణాలు ఉండి (3అ)⁻² అయితే అప్పుడు 1/(9అ²) అవుతుంది. −2², (−2)² మధ్య తేడా కూడా ఇలాంటిదే. మొదటిది −4, రెండవది 4.

"హారంలో ఉన్నదాన్ని పైకి తీసుకుపోతే ఘాతాంకం గుర్తు మారుతుంది" అనే మాటను కూడికలకు కూడా వాడటం. ఈ మాట గుణకారంలో ఉన్న కారణాంకాలకే చెల్లుతుంది. 1 ÷ (2⁻¹ + 3⁻¹) విలువ 2 + 3 కాదు. హారం 1/2 + 1/3 = 5/6 కాబట్టి సరైన విలువ 6/5. కారణం చెప్పకుండా చిట్కాను మాత్రమే నేర్పితే అది ఎక్కడ ఆగాలో విద్యార్థికి తెలియదు.

బోధనా క్రమం

ఋణ ఘాతాంకాలకు వెళ్ళేముందు విద్యార్థికి రెండు విషయాలు బాగా వచ్చి ఉండాలి. ఒకటి ఋణ పూర్ణసంఖ్యల కూడిక, మరొకటి భిన్నాల గుణకారం. 3 + (−5) దగ్గర తడబడే విద్యార్థికి 2³ × 2⁻⁵ నేర్పడం కష్టం. పొరపాటు ఘాతాంకాలలో జరిగినట్లు కనిపించినా లోపం వేరేచోట ఉంటుంది.

మొదట సంఖ్యలు భూమిగా ఉన్న ఉదాహరణలు తీసుకుని, ప్రతి జవాబును భిన్నాలతో సరిచూపాలి. తరువాత 10 భూమిగా తీసుకోవాలి. 10⁻¹, 10⁻², 10⁻³లను 0.1, 0.01, 0.001గా రాస్తే స్థాన విలువల పట్టికలో ఒకట్ల స్థానానికి కుడివైపున ఉన్న దశాంశాలే ఇవని తెలుస్తుంది. విద్యార్థికి అప్పటికే పరిచయమైన దశాంశ పద్ధతిలో ఋణ ఘాతాంకాలు ముందునుంచీ దాగి ఉన్నాయన్నమాట. 345.27 అంటే 3 × 10² + 4 × 10¹ + 5 × 10⁰ + 2 × 10⁻¹ + 7 × 10⁻². ఆ తరువాతనే అక్షరాలు భూమిగా గల పదాలకు, చివరిగా గుణకాలు, పలు చరరాశులు గల పదాలకు వెళ్ళాలి.

తరగతిలో రెండు రంగుల బిళ్ళలను ఉపయోగించవచ్చు. ఒక రంగు బిళ్ళ "2తో గుణించు" అని, మరో రంగు బిళ్ళ "2తో భాగించు" అని సూచిస్తే, రెండు రంగుల జత ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. బిళ్ళలను ఒకచోట పోసి, జతలను తీసివేసి, మిగిలినవాటిని లెక్కించడమే ఘాతాంకాల కూడిక. అన్ని జతలూ పోయి బిళ్ళలేమీ మిగలకపోతే విలువ 1 అని, సున్న కాదని ఇక్కడ గుర్తు చేయాలి.

చరిత్ర

పది యొక్క ఘాతాలకు పేర్లు పెట్టడం భారతదేశంలో చాలా పాత సంప్రదాయం. యజుర్వేద సంహితలలో ఏక, దశ, శత మొదలుకొని పరార్ధం వరకు, అంటే 10¹² వరకు పేర్లు ఉన్నాయి. సా.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ధన, ఋణ సంఖ్యలను, సున్నను కూడటానికి, గుణించటానికి నియమాలు ఇచ్చాడు. ఘాతాంకాల కూడికలో నేడు వాడే నియమాలు అవే. సుమారు సా.శ. 850లో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో 24 దశాంశ స్థానాలకు పేర్లు చెప్పాడు. చివరిదైన మహాక్షోభం 10²³.

మహావీరాచార్యుని గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్ళు నింపితే వచ్చే మొత్తాన్ని చెప్పే ఒక తెలుగు పద్యం మల్లన పేరుతో ప్రసిద్ధమైంది. ఆ మొత్తం 2⁶⁴ − 1, అంటే 1,84,46,74,40,73,70,95,51,615. పద్యంలో ఈ ఇరవై అంకెలను శర, శశి వంటి భూతసంఖ్యలతో ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చెప్పడం జరిగింది. ఘాతాంకాల కూడిక తెలిసినవారు 2⁶⁴ను 63 గుణకారాలు చేయకుండానే పొందవచ్చు. 2ని వర్గం చేస్తే 2², దానిని వర్గం చేస్తే 2⁴, ఆ తరువాత 2⁸, 2¹⁶, 2³², 2⁶⁴. మొత్తం ఆరు గుణకారాలు చాలు.

గ్రీకు గణిత శాస్త్రవేత్త ఆర్కిమెడిస్ సా.శ.పూ. 3వ శతాబ్దంలో, విశ్వమంతా ఇసుకతో నింపినా రేణువుల సంఖ్య నేటి రాతలో 10⁶³ను మించదని లెక్కకట్టాడు. ఆ సందర్భంలో ఘాతాల గుణకారం వాటి స్థానాల కూడికతో సమానమన్న విషయాన్ని ఉపయోగించుకున్నాడు.

సున్న, ఋణ ఘాతాంకాలకు ప్రత్యేకమైన రాత మొదట ఫ్రాన్సుకు చెందిన నికొలా షుకే 1484లో రాసిన గ్రంథంలో కనిపిస్తుంది. అయితే ఆ రాతప్రతి 1880 వరకు అచ్చు కాలేదు. జర్మనీకి చెందిన మైకేల్ స్టీఫెల్ 1544లో ప్రచురించిన అరిత్మెటికా ఇంటెగ్రాలో −3 నుంచి 6 వరకు ఉన్న సంఖ్యలను ఒక వరుసలో, వాటి కింద 1/8 నుంచి 64 వరకు 2 యొక్క ఘాతాలను మరో వరుసలో రాశాడు. పై వరుసలో కూడిక కింది వరుసలో గుణకారం అవుతుందని చూపించాడు. ఇదే ఆలోచన తరువాత 1614లో జాన్ నేపియర్ ప్రకటించిన సంవర్గమానాలలో సంపూర్ణ రూపం పొందింది.

ఘాతాంకాన్ని భూమికి పైన చిన్న అంకెగా రాసే నేటి పద్ధతి రెనె డెకార్ట్ 1637లో ప్రచురించిన లా జామెట్రీ ద్వారా స్థిరపడింది. అయితే అతడు వాడినవి ధన ఘాతాంకాలు మాత్రమే. జాన్ వాలిస్ 1656లో వెలువడిన గ్రంథంలో ఋణ, భిన్న ఘాతాంకాల భావనను చర్చించగా, ఐజాక్ న్యూటన్ 1676లో ఓల్డెన్‌బర్గ్‌కు రాసిన లేఖలో ఋణ, భిన్న ఘాతాంకాలను నేడు రాస్తున్న రూపంలోనే వాడాడు. ధన ఘాతాంకాల నుంచి ఋణ ఘాతాంకాలకు చేరడానికి గణిత శాస్త్రజ్ఞులకే ఇంత కాలం పట్టింది. కాబట్టి విద్యార్థికి మొదటిసారి ఇవి వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఉపయోగాలు

చాలా పెద్ద, చాలా చిన్న సంఖ్యలను ప్రామాణిక రూపంలో రాసి గుణించడానికి ఈ సూత్రమే ఆధారం. ప్రామాణిక రూపంలో 1కి, 10కి మధ్య ఉన్న సంఖ్యను పది యొక్క ఘాతంతో గుణించి రాస్తారు.

కాంతి శూన్యంలో సెకనుకు సుమారు 3 × 10⁸ మీటర్లు ప్రయాణిస్తుంది. ఒక నానోసెకను, అంటే 10⁻⁹ సెకన్లలో అది వెళ్ళే దూరం 3 × 10⁸ × 10⁻⁹ = 3 × 10⁻¹ మీటర్లు, అంటే 30 సెంటీమీటర్లు.

6 × 10¹⁴ హెర్ట్జ్ పౌనఃపున్యం గల కాంతిలోని ఒక ఫోటాను శక్తిని తెలుసుకోవడానికి ప్లాంక్ స్థిరాంకం 6.626 × 10⁻³⁴ను పౌనఃపున్యంతో గుణించాలి. 6.626 × 6 = 39.756. ఘాతాంకాల మొత్తం −34 + 14 = −20. లబ్ధం 39.756 × 10⁻²⁰. ప్రామాణిక రూపంలో ఇది సుమారు 3.98 × 10⁻¹⁹ జౌళ్ళు. 39.756ను 3.9756 × 10¹గా రాసినందువలన ఘాతాంకం −20 నుంచి −19కి మారింది. ఇక్కడ ఘాతాంకం పెరిగిందా తగ్గిందా అన్న సందేహం చాలామందికి కలుగుతుంది. దీనికి కూడా −20 + 1 = −19 అన్న కూడికే సమాధానం.

అవొగాడ్రో సంఖ్య 6.02214076 × 10²³. ఎలక్ట్రాను ఆవేశం పరిమాణం 1.602176634 × 10⁻¹⁹ కులూంబులు. ఈ రెండింటి లబ్ధంలో పది ఘాతాంకం 23 − 19 = 4. ఫలితం సుమారు 96,485 కులూంబులు. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశమైన దీనికి ఫారడే స్థిరాంకం అని పేరు. ఊహకు అందనంత పెద్ద సంఖ్య, ఊహకు అందనంత చిన్న సంఖ్య కలిసి ప్రయోగశాలలో కొలవగలిగిన పరిమాణం ఇవ్వడం ఇందులో చూడవచ్చు.

25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటిలో హైడ్రోజన్ అయాన్ల గాఢత, హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతల లబ్ధం సుమారు 10⁻¹⁴. స్వచ్ఛమైన నీటిలో రెండూ 10⁻⁷ చొప్పున ఉంటాయి. ఆమ్లం కలిపి మొదటిదాన్ని 10⁻³కు పెంచితే రెండవది 10⁻¹¹కు తగ్గుతుంది. ఘాతాంకాల మొత్తం −14గానే ఉంటుంది. పి.హెచ్. విలువ ఈ ఘాతాంకం నుంచి వచ్చినదే.

ఆరోగ్యవంతుని రక్తంలో ఒక మైక్రోలీటరుకు సుమారు 5 × 10⁶ ఎర్ర రక్తకణాలు ఉంటాయి. ఒక మైక్రోలీటరు 10⁻⁶ లీటరు కాబట్టి 5 లీటర్ల రక్తంలో 5 × 10⁶ మైక్రోలీటర్లు ఉంటాయి. కణాల సంఖ్య 25 × 10¹², అంటే 2.5 × 10¹³.

కొలమానాలను కూడా ఘాతాంకాలతోనే రాస్తారు. వేగానికి ప్రమాణం మీ సె⁻¹. దానిని కాలం ప్రమాణం సెతో గుణిస్తే సె⁻¹ × సె = సె⁰ కాబట్టి మీ మాత్రమే మిగులుతుంది. ఒక భౌతిక సమీకరణంలో రెండువైపులా ప్రమాణాల ఘాతాంకాలు సమానంగా లేకపోతే ఆ సమీకరణం తప్పు అని వెంటనే తెలిసిపోతుంది.

ప్రమాణాలకు ముందు చేర్చే కిలో (10³), మిల్లీ (10⁻³), మైక్రో (10⁻⁶), నానో (10⁻⁹) వంటి ఉపసర్గలు కూడా పది ఘాతాలే. 2022లో రొన్నా (10²⁷), క్వెట్టా (10³⁰), రొంటో (10⁻²⁷), క్వెక్టో (10⁻³⁰) అనే నాలుగు కొత్త ఉపసర్గలు ఆమోదం పొందాయి. వీటి విషయంలో ఘాతాంకం తప్పితే ఫలితం కొద్దిగా తప్పదు, పదింతలు, వేయింతలు తప్పుతుంది. థైరాక్సిన్ మాత్రల మోతాదును మైక్రోగ్రాములలో చెబుతారు. దానిని మిల్లీగ్రాములుగా పొరబడితే 10⁻⁶కు బదులు 10⁻³ అయి మోతాదు వేయిరెట్లవుతుంది.

పరిమితులు, విస్తరణ

భూమి సున్న అయినప్పుడు ఋణ ఘాతాంకానికి అర్థం లేదు. 0⁻² అంటే 1 ÷ 0² అవుతుంది, సున్నతో భాగహారం నిర్వచించబడలేదు. అందువలననే ఈ సూత్రాలన్నింటిలో భూమి సున్న కాదు అన్న నిబంధన ఉంటుంది.

పూర్ణసంఖ్యల నుంచి భిన్నాలకు విస్తరించడానికి కూడా గుణకార సూత్రమే దారి. భూమి ధన సంఖ్య అయినప్పుడు అ^(1/2) × అ^(1/2) = అ¹ కావాలంటే అ^(1/2) అనేది అ యొక్క వర్గమూలం కావాలి. 9^(1/2) = 3, 9^(−1/2) = 1/3. ఇదే పద్ధతిలో ధన భూములకు ఘాతాంకం ఏ వాస్తవ సంఖ్య అయినా కావచ్చు. అప్పుడు కూడా గుణకారం ఘాతాంకాల కూడికగానే ఉంటుంది.

ఇవి కూడా చూడండి

ఘాతాంకం
సంవర్గమానం
గుణకార విలోమం
దశాంశ పద్ధతి
భూతసంఖ్యలు
పావులూరి మల్లన